బొట్టు వైపు చూడు

నేను ఇంతవరకూ ఎవరికీ చెప్పని సంగతి ఒకటుంది. మాట్లాడేటప్పుడు నేను ఎవరి కళ్ళలోకీ చూడను. చూస్తున్నట్టు కనిపిస్తాను, అంతే. ఆడవాళ్ళయితే వాళ్ళ బొట్టు వైపు చూస్తాను. మగవాళ్ళయితే రెండు కనుబొమల మధ్య ఖాళీ వైపు. అక్కడ ఆనవాలేమీ ఉండదు కాబట్టి అది కొంచెం కష్టం. అందుకే మగవాళ్ళతో తక్కువ మాట్లాడతాను. ఆరో తరగతిలో ఒక టీచర్ "నా మొహం చూసి చెప్పు" అని గద్దించినప్పుడు, ఆవిడ నుదుటి మీదున్న రూపాయి బిళ్ళంత ఎర్రటి బొట్టే నన్ను కాపాడింది. పాఠం మొత్తం దానికే అప్పజెప్పాను. "చూశారా, ఎంత ధైర్యంగా చెప్పిందో" అని ఆవిడ క్లాసంతటికీ నన్ను చూపించింది. అప్పటినుంచి అదే నా పద్ధతి. నేను దాచుకుని చదివే నవలల్లో అందరూ ఊరికే కళ్ళలో కళ్ళు పెట్టి చూసుకుంటూ ఉంటారు. వాళ్ళకు అలసట ఎందుకు రాదో నాకు ఇప్పటికీ అర్థం కాదు. ఎవరైనా తెరిచి చూస్తారేమోనని ఈ సంగతి డైరీలో కూడా రాయలేదు.

అది నా అలవాటని చెప్పకుండానే, ఆ విద్యను ఒక్కరికి మాత్రం నేర్పాను. మా అన్నయ్య కూతురికి.

మాది నరసరావుపేట. ఇంట్లో అమ్మ, అన్నయ్య, వదిన, పాప, నేను. అన్నయ్యకు బోరు మోటార్ల వైండింగ్ షాపు ఉంది. వదిన ఇంట్లోనే మిషను మీద జాకెట్లు కుడుతుంది. నేను బి.ఇడి. చదివాను. టీచింగ్ ప్రాక్టీసులో నలభై మంది పిల్లలు ఒక్కసారిగా నా వైపు చూసేసరికి, బోర్డు వైపు తిరిగి పీరియడంతా బోర్డుకే పాఠం చెప్పి వచ్చిన ఘనత నాది.

పాపకు మాటలు ఆలస్యంగా వచ్చాయి. వచ్చాక మన మాటే మనకు తిరిగొచ్చేది. "అన్నం తింటావా?" అంటే "అన్నం తింటావా?" అనేది. పక్కన నిలబడి పిలిస్తే పలికేది కాదు, నాలుగిళ్ళ అవతల కుక్కర్ విజిల్ మాత్రం అందరికంటే ముందు వినేది. వాకిట్లో చెప్పులు కనిపిస్తే చిన్నవాటి నుంచి పెద్దవాటి దాకా వరసగా పేర్చేది. మా ఇంటికి వచ్చిన చుట్టాలు వెళ్ళేటప్పుడు సైజు ప్రకారం చెప్పులు వెతుక్కునేవాళ్ళు. ఎల్‌కేజీలో వేసిన రెండు నెలలకు బడివాళ్ళు ఒక కాగితం రాసి పంపారు. పిలిస్తే పలకదు, కళ్ళలోకి చూడదు, బెల్లు కొడితే బల్ల కింద దూరుతుంది, డాక్టరుకి చూపించండి అని. పేటలో పిల్లల డాక్టరు ఆటిజం ఉందేమో చూడాలన్నారు. గుంటూరులో అలాంటి పిల్లల్ని పరీక్ష చేసే సెంటరుకి చీటీ రాసిచ్చారు. ఆరు వారాలకు గానీ తేదీ దొరకలేదు.

ఆ ఆరు వారాలూ ఇంట్లో తలా ఒక కారణం చెప్పారు. కడుపుతో ఉన్నప్పుడు వదిన ఫోను చూసిందని ఒకరు, పొద్దస్తమానం మిషను తొక్కుతూ పిల్లతో మాట్లాడలేదని ఒకరు. ఏ కారణం ఎటు నుంచి బయలుదేరినా చివరికి వదిన దగ్గరే ఆగేది. వదిన ఎవరికీ జవాబు చెప్పలేదు. ఒకరోజు డాబా మీద బట్టలు ఆరేస్తూ, నాతో కాదు, తీగతో మాట్లాడుతున్నట్టు అంది.

"ఏదో ఒకటి తేల్చి చెబితే చాలే. ఉంటే ఉందని, లేకపోతే లేదని. నా మిషను వల్లే ఇట్టా అయ్యిందో, కాదో. ఎవరన్నా చదువుకున్నోళ్ళు కాయితం మీద రాసిస్తే ఇంక నాకేం వద్దు."

నేను ఆమె నుదుటి మీది చిన్న మెరూన్ స్టిక్కరు వైపు చూస్తూ తల ఊపాను.

అమ్మకు మాత్రం ఈ ప్రయాణం పూర్తిగా వేరేలా అర్థమైంది. గుంటూరులో ఒకావిడ పాపను కూర్చోబెట్టి చూస్తుందట, ప్రశ్నలు అడుగుతుందట. ముక్కూమొహం తెలియనివాళ్ళు ఆడపిల్లను కూర్చోబెట్టి చూసి ప్రశ్నలు అడిగే సందర్భం మా ఇళ్ళలో ఒక్కటే. అమ్మ అదే పద్ధతిలో బయలుదేరింది. బీరువాలోంచి పట్టులంగా తీసింది. జడకు కుప్పెలు వెతికింది. అన్నయ్యనూ వదిననూ పిలిచి కూర్చోబెట్టింది.

"అడిగినదానికే చెప్పండి. లేనిపోనియ్యన్నీ మీరే బయటపెట్టుకోమాకండి. చెప్పులు పేరుద్ది, గిన్నెలు పేరుద్ది అని మొదలుపెట్టావంటే చూడు," అని వేలు వదిన వైపు తిప్పింది. తర్వాత నా వైపు. "ఏమే, టీచరు చదువు చదివావు గదా, ఊరికే కూర్చోకపోతే పిల్లకి నాలుగు ముక్కలు నేర్పరాదూ?"

నాకు ఎంత సంతోషమైందో చెప్పలేను. జీవితంలో మొదటిసారి నాకొక క్లాసు దొరికింది. అందులో ఒకే ఒక విద్యార్థిని, ఆమె కూడా నా వైపు చూడదు! ఇంతకంటే అదృష్టమేముంటుంది? ఆ రోజే పది ప్రశ్నలు తయారుచేశాను. నీ పేరేంటి, నీకెన్నేళ్ళు, ఏం తిన్నావు, మీ నాన్న ఏం చేస్తాడు, ఇలా పది. పరీక్ష అంటే కోచింగ్ ఉండాలన్న విషయంలో మా ఊరివాళ్ళెవరికీ రెండో ఆలోచన ఉండదు. అసలు ఇది పాసవ్వాల్సిన పరీక్షేనా అని నాతో సహా ఎవరికీ తోచలేదు.

పక్కింటి మెకానిక్ భార్యను మేమంతా పిన్ని అంటాం. ఆవిడ రోజూ సాయంత్రం మోడల్ పరీక్ష పెట్టడానికి వచ్చేది. పాప జవాబులు పట్టుకుంది. వారం తిరిగేసరికి పదీ గడగడా చెప్పేస్తోంది. కానీ గోడకు చెప్పేది, లేదా మంచం కోడుకి.

అప్పుడు నా రహస్యం బయటికి తీశాను. వదిన స్టిక్కర్ల అట్టలోంచి ఒకటి తీసి అద్దానికి అంటించి, "బొట్టు వైపు చూడు" అన్నాను. చూసింది. ఫ్రిజ్‌కి అంటించాను. చూసింది. తర్వాత నాకు, తర్వాత వదినకు, తర్వాత అమ్మకు. పిన్నివాళ్ళు ముస్లిములు, ఆవిడ బొట్టు పెట్టుకోదు. కానీ ముక్కుపుడక ఉంది, ఆవిడకు అది సరిపోయింది. పదో రోజున పాప మా అమ్మ ఎదురుగా నిలబడి తలెత్తి, తిన్నగా చూస్తూ "ఇడ్లీ తిన్నాను" అంది.

అమ్మకు కళ్ళనీళ్ళు ఆగలేదు. "నా బంగారు తల్లీ, నా కళ్ళలోకి చూసిందే!"

"అల్లా! ఎంత ముద్దుగా చూస్తందో," అని పిన్ని మెటికలు విరిచింది.

నా కాళ్ళు నేల మీద లేవు. లోకంలో ఇక నేను నేర్పలేని విద్య లేదనిపించింది.

గుంటూరు వెళ్ళిన రోజున పట్టులంగా ఫిరంగిపురం దాకా కూడా నిలవలేదు. గుచ్చుకుంటోందని పాప బస్సులోనే పెడబొబ్బలు పెడితే, వదిన సంచిలోంచి పాత కాటన్ గౌను తీసి తొడిగింది. జడకుప్పెలు కిటికీలోంచి ఎప్పుడు వెళ్ళిపోయాయో ఎవరూ చూడలేదు. అమ్మ రాకపోవడం మంచిదైంది. నేనెందుకు వెళ్ళానంటే, కోచింగ్ ఇచ్చినవాళ్ళు సెంటరు దాకా వెళ్ళాలి కదా.

మమ్మల్ని ఒక చిన్న గదిలోకి పిలిచారు. చిన్న బల్ల, చిన్న కుర్చీలు, చెక్క దిమ్మలు, ఒక బొమ్మ, సబ్బు బుడగల సీసా. మేడమ్ లేచి నవ్వుతూ "రండి" అన్నారు. నేను అలవాటుగా ఆమె నుదుటి వైపు చూశాను.

బొట్టు లేదు.

ముక్కు వైపు చూశాను. ముక్కుపుడక లేదు. కళ్ళజోడు కూడా లేదు. తెల్లకాగితంలాంటి మొహం. కిందికి చూస్తే పాప కూడా అదే మొహాన్ని పైనుంచి కిందికీ, కిందినుంచి పైకీ వెతుకుతోంది. ఇద్దరం పక్కపక్కన నిలబడి ఒకే వస్తువు పోగొట్టుకున్నాం.

"నీ పేరేంటి, నాన్నా?" అని మేడమ్ అడిగారు. పాప పేరు చెప్పింది. అన్నయ్య నా వైపు చూసి కనుబొమలు ఎగరేశాడు.

"ఎవరితో వచ్చావ్?"

"నాలుగు."

"నాలుగా? ఈ బొమ్మ ఏం చేస్తోంది?"

"ఇడ్లీ తిన్నాను."

"బొమ్మకి నిద్రొస్తోందంట. ఏం చేద్దాం?"

"మోటార్లు బాగుచేస్తాడు."

నేను నేర్పిన వరుసలో ఒక్క జవాబు కూడా తప్పిపోలేదు. ప్రశ్నలే వేరు. నాకు భయం వేయాలి. కానీ కడుపులోంచి నవ్వు పొంగుకొస్తోంది. చున్నీ నోట్లో కుక్కుకున్నాను.

"భయపడిందండి. ఇంటికాడ చానా బాగా చెబుద్ది," అన్నాడు అన్నయ్య.

మేడమ్ పాప ముందు దిమ్మలు పెట్టి, అన్నయ్య వైపు తిరిగి ఒక పెద్ద ఫారం తీశారు. శబ్దాలకు ఇబ్బంది పడుతుందా? లేదండి. తిండి దగ్గర పేచీ ఉందా? లేదండి. రోజూ చేసే పనిలో మార్పు వస్తే ఇబ్బందా? లేదండి. వస్తువులు వరసగా పేర్చడం లాంటివి? అన్నయ్య ఒక్క క్షణం ఆగాడు. ఎదురుగా పాప దిమ్మల్ని చిన్నదాని నుంచి పెద్దదానికి పేరుస్తోంది. "పిల్లలన్నాక ఆడుకుంటారు గదండీ," అన్నాడు. వదిన సంచి పట్టీని వేలికి చుట్టి విప్పుతూ, చుట్టి విప్పుతూ కూర్చుంది.

మేడమ్ కలం కింద పెట్టారు. "బడివాళ్ళు రాసినదీ, మీరు చెప్పేదీ ఎక్కడా కలవడం లేదు. ఊహించి రాయడం నాకు ఇష్టం లేదు. కొన్ని నెలలు ఆగి మళ్ళీ రండి. అప్పుడు చూద్దాం."

అన్నయ్య సంతోషంగా లేచాడు. అతని లెక్కలో పాప పాసైనట్టే. నేను వదిన వైపు చూశాను. ఆమె వేలు పట్టీ చుట్టడం ఆపేసింది. ఇంకొన్ని నెలలు. ఇంకొన్ని నెలలు అందరి కారణాలూ ఆమె దగ్గరే ఆగాలి. నా నాలుక మీదికి మాట వచ్చింది. కానీ చెప్పాలంటే మేడమ్ వైపు చూడాలి, ఆ మొహం మీద నేను పట్టుకోవడానికి ఏమీ లేదు.

పాప దిమ్మలు వదిలేసింది. నేరుగా వాళ్ళమ్మ ఒళ్ళోకి ఎక్కి, నుదుటి మీది మెరూన్ స్టిక్కరు గోటితో పీకింది. దిగి, వెళ్ళి, మేడమ్ కుర్చీ ఎక్కి ఆమె నుదుటి మధ్యలో అంటించి బొటనవేలితో గట్టిగా నొక్కింది. రెండడుగులు వెనక్కి వచ్చి, తిన్నగా దాని వైపు చూస్తూ, ఎవరూ అడక్కుండానే, పేరు దగ్గర మొదలుపెట్టి పదో జవాబు దాకా ఊపిరి తీయకుండా అప్పజెప్పింది.

ముందు ఒక చిన్న శబ్దం వినిపించింది. వదిన నవ్వు అది. ఎన్నో నెలల తర్వాత విన్నాను కాబట్టి గుర్తుపట్టడానికి కాస్త టైము పట్టింది.

మేడమ్ నుదురు తడుముకున్నారు. "ఇదెవరు నేర్పారు?"

ఇప్పుడు మేడమ్‌కి బొట్టు ఉంది. కొంచెం ఎడమకు ఒరిగి ఉంది, కానీ ఉంది. నేను దాన్ని చూస్తూ నోరు తెరిచాను. ఇక ఆగలేదు.

"నేనండీ. కళ్ళలోకి చూడదని రాశారని, బొట్టు వైపు చూడమని నేర్పానండీ. ప్రశ్నలు కూడా నేనే నేర్పాను. వరుస మారిస్తే రావు. శబ్దాలకు ఇబ్బంది లేదని అన్నయ్య చెప్పాడు గానీ, మా వీధిలో ఏ కుక్కరూ మూడు విజిల్స్ దాటదండీ. ఒకసారి నాలుగోది వస్తే గంటసేపు ఏడ్చింది. అప్పటినుంచి పక్కింటి పిన్ని పప్పు ఉడక్కపోయినా దించేసి, గిన్నెలో పోసి ఉడికిస్తుంది. ఆ చివరింటివాళ్ళు కూడా అంతే..."

"తెల్లటియ్యే తింటదండీ," వదిన అందుకుంది. "ఇడ్లీ, పెరుగన్నం, పాలు. పెరుగన్నంలో కరివేపాకు కనపడిందంటే ఆ పూటకి కంచం ముట్టుకోదు. పేచీ లేదంటే ఎందుకు లేదూ, వేరేది పెట్టడం మానేశాం గనక లేదు."

అన్నయ్య ఆమె వైపు చూశాడు. నా వైపు చూశాడు. తనొక్కడే వెనకబడిపోతున్నట్టు గబుక్కున కుర్చీలో కూర్చున్నాడు. "బండి మీద ఇంటికి రావాలంటే ఒకటే దారండీ. పాల బూత్ ఎడంపక్కన రావాల. మొన్న ఆ రోడ్డు పైపులకని తవ్వితే, పనోళ్ళని బతిమాలి గుంట మీద చెక్క ఏయించి బండి దాటించా. వాళ్ళు నన్ను పిచ్చోణ్ణనుకున్నారు."

"నువ్వు చెప్పనే లేదే!" అంది వదిన.

"ఏం చెప్పమంటావ్? రోజూ వాళ్ళకి టీలు కూడా ఇప్పిచ్చా."

ముగ్గురం ఒకరి మాట మీద ఒకరం పడి చెబుతున్నాం. చుట్టాల చెప్పులు, పీకేసిన గోడ గడియారం, పాప పాలు తాగే రంగు గ్లాసు పగిలిందని అలాంటిదే ఇంకోటి కోసం చిలకలూరిపేట దాకా వెళ్ళిన సంగతి. ఏడుస్తూ చెప్పాల్సినవేమో అవన్నీ, మేము మాత్రం పోటీలు పడి నవ్వుతూ చెబుతున్నాం. మేడమ్ రాస్తూనే ఉన్నారు. చివరికి తలెత్తి అన్నయ్యను అడిగారు.

"మరి ఇందాక అన్నిటికీ లేదన్నారేంటండీ?"

"ఇబ్బందా అని గదా మీరు అడిగింది?" అన్నాడు అన్నయ్య, నిజంగానే అర్థం కానట్టు. "మాకేం ఇబ్బంది లేదండీ."

మేడమ్ ఆ ఫారం చించి బుట్టలో వేసి కొత్తది తీశారు. "మీరంతా కలిసి పాప చుట్టూ దిండ్లు పేర్చారు. అందుకే ఎక్కడా దెబ్బ తగలడం లేదు. బడిలో దిండ్లు లేవు. సరే, మళ్ళీ మొదటినుంచి."

ఈసారి రెండు గంటలకు పైగా పట్టింది. మేడమ్ నేల మీద కూర్చుని బుడగలు ఊదారు, బొమ్మకు పుట్టినరోజు చేశారు, పాపను వెనకనుంచి పేరు పెట్టి ఎన్నోసార్లు పిలిచారు. పాప ఏం చేస్తే అది చేయనిచ్చారు. నేను మూలన కూర్చుని ఒక్క జవాబు కూడా అందించలేదు. నా కోచింగ్ జీవితంలో అంత కష్టమైన రెండు గంటలు మరి లేవు.

భోజనాల తర్వాత మమ్మల్ని మళ్ళీ పిలిచి, "ఆటిజం ఉంది" అని మామూలు గొంతుతో చెప్పారు. మాట కోసం, శబ్దాలు తట్టుకోవడం కోసం వారానికి రెండుసార్లు థెరపీకి తీసుకెళ్ళాలన్నారు. బడివాళ్ళు ఏమేం చేయాలో వేరే కాగితం ఇస్తానన్నారు. పాపకు చాలా వస్తాయని, కొన్ని తనదైన పద్ధతిలో వస్తాయని అన్నారు. నా వైపు తిరిగి, "బొట్టు ఇక మానేయండి. ఎటు చూస్తే మాట వినడం తేలికగా ఉంటుందో, అటే చూడనివ్వండి" అన్నారు. ఆ మాట ఎవరి గురించి అన్నారో నేను అడగలేదు.

వదిన అప్పుడు అడిగింది. సంచి రెండు చేతులతో పట్టుకుని.

"నేను మిషను కుడతానండీ. పిల్లతో సరిగ్గా మాట్లాడలా. దానివల్లనా?"

"కాదమ్మా. మిషను వల్ల కాదు, ఫోను వల్ల కాదు, మీ వల్ల కాదు. పుట్టుకతోనే అలా ఉంటుంది."

"అది కాయితం మీద రాస్తారా?"

మేడమ్ ఆమె వైపు చూశారు. సాయంత్రం రిపోర్టు టైపు చేసి ఇచ్చినప్పుడు, సంతకం కింద కలంతో, తెలుగులో, ఆ మాటే ఒక వాక్యంగా రాసి మళ్ళీ సంతకం పెట్టి ఇచ్చారు.

తిరిగొచ్చే బస్సులో సీట్లు దొరికాయి. పాప అన్నయ్య ఒళ్ళో కూర్చుని అతని చొక్కా గుండీలు ఒక్కొక్కటే ముట్టుకుంటోంది. వదిన రిపోర్టు తీసి, పైన ఉన్నదంతా వదిలేసి, ఆ కింది వాక్యమే చదివింది. మడిచి లోపల పెట్టింది. మళ్ళీ తీసి చదివింది. మూడోసారి చదివేటప్పుడు భుజాలు కదలడం మొదలయ్యాయి. నేను కంగారుపడి చూస్తే నవ్వుతోంది. అన్నయ్య గుంట మీద చెక్క వేయించిన సంగతి గుర్తొచ్చి ఒకసారి, "మోటార్లు బాగుచేస్తాడు" గుర్తొచ్చి ఇంకోసారి, ఏమీ గుర్తురాకుండానే మరోసారి. పైట అడ్డం పెట్టుకున్నా ఆగలేదు. నాకూ అంటుకుంది. ముందు సీటాయన వెనక్కి తిరిగి చూశాడు. నేను ఆయన కనుబొమల మధ్య వెతుక్కోకుండానే ఆయన మొహంలోకి చూసి నవ్వేశాను.

ఫోను మోగింది. అమ్మ. అన్నయ్య కిటికీలోంచి బయటికి చూస్తూ తనకేమీ వినపడనట్టు కూర్చున్నాడు. ఆగి మళ్ళీ మోగింది. వదిన కళ్ళు తుడుచుకుని, ఫోను నా చేతిలో పెట్టి, నా గుప్పిట మూసింది.

"నువ్వే చెప్పవే. నేను నవ్వుతుంటే ఏడుస్తన్నాననుకుంటది మీ అమ్మ."